పోపుల డబ్బాలో దాచిన గొంతు

పాట తానే రాసి, బాణీ తానే కట్టి, తానే పాడే మనిషిని ఇంగ్లీషులో సింగర్ సాంగ్‌రైటర్ అంటున్నారు. ఆ మాట మనకు కొత్తదే గాని ఆ మనిషి కొత్త కాదు. అందుకు మన భాషలో చక్కని పేరు ఎప్పటినుంచో ఉంది: వాగ్గేయకారుడు. అనగానే అన్నమయ్య, రామదాసు, క్షేత్రయ్య, త్యాగయ్య వరసగా గుర్తొస్తారు. మన కాలానికి వస్తే గద్దర్, గోరటి వెంకన్న, అందెశ్రీ. ఈ మాటకు స్త్రీలింగం ఏమిటని ఎవరైనా అడిగితే మాత్రం కాస్త తడుముకుంటాం. వాగ్గేయకారిణి అనుకోవచ్చు, వ్యాకరణం ఏమీ అడ్డురాదు. తరిగొండ వెంగమాంబ గురించి చెప్పేటప్పుడు ఎప్పుడైనా ఒకసారి వాడతాం కూడా. అయినా అది నాలుక మీద ఆడని మాట. అలవాటు లేని మాట. అలవాటు ఎందుకు లేకపోయిందన్నదే ఈ వ్యాసంలో నేను చర్చించాలనుకుంటున్న విషయం. దానికి దారి చూపించింది తెలుగు ముక్క కూడా రాని ఒక కొరియన్ అమెరికన్ గాయని కావడం వింతగానే ఉంటుంది. ఆమె దగ్గరికి వెళ్లేముందు మన ఇంటి సంగతి కొంచెం చూసుకోవాలి.

మన సంగీతంలో స్త్రీ గొంతుకు ఎప్పుడూ కొరత లేదు. ఆ గొంతులోంచి వచ్చే మాట ఎవరిది అన్న దగ్గరే ఇబ్బంది. క్షేత్రయ్య పదాల్లో మాట్లాడేది నాయిక. అలిగేదీ, ఎత్తిపొడిచేదీ, తలుపు తీసేదీ, మూసేదీ ఆమే. ఆ పదాలను తరతరాలుగా పాడి, అభినయించి బతికించింది దేవదాసీ స్త్రీలు. కర్త మాత్రం పురుషుడు. సినిమా వచ్చాక తెరమీద ఒక స్త్రీ, తెరవెనక ఇంకో స్త్రీ, ఇద్దరి పెదవుల మీదా ఒక మగకవి మాట. భానుమతి నటించింది, పాడింది, 'అత్తగారి కథలు' రాసింది, దర్శకత్వం వహించింది, స్టూడియో నడిపింది. అన్ని తలుపులు తోసుకుని వెళ్లిన అంత మనిషి పాడిన పాటల్లో కూడా మాటలు ఎక్కువగా మగవాళ్లవే. 2016లో 'పెళ్ళిచూపులు', 2017లో 'అర్జున్ రెడ్డి' సినిమాల్లో శ్రేష్ఠ పాటలు రాస్తే, ఒక స్త్రీ పాట రాయడమే ఒక వార్త అయింది. తెలుగు సినిమా పుట్టిన ఎనభై ఐదేళ్ల తర్వాత కూడా అది వార్త అయిందంటే, అందులో సంతోషించాల్సింది ఎంతో, సిగ్గుపడాల్సిందీ అంతే.

సినిమా పక్కనే రేడియో ఉంది. 1928లో పుట్టి 2025లో కన్నుమూసిన రావు బాలసరస్వతీదేవి గొంతు విన్నవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. మైకు అనే పరికరం వచ్చాకే అటువంటి గొంతుకు నలుగురిలో చోటు దొరికింది. నాటకం స్టేజీ మీద వెనక వరసదాకా వినబడాలంటే గొంతు చించుకోవాలి. మైకు ముందు ఆ అవసరం లేదు, ఊపిరి కూడా వినిపిస్తుంది. లలితసంగీతం అని మనం పిలుచుకున్నది అలా పుట్టింది. సినిమాకు సంబంధం లేకుండా, కచేరీ పాండిత్యానికి లొంగకుండా, ఇంట్లో పక్కన కూర్చుని పాడినట్టుండే పాట. ఈనాటి పిల్లలు ఇండీ అని పిలిచేదానికి మనకున్న దగ్గరి చుట్టం అదే. కానీ అక్కడ కూడా మాట కవిగారిది, మెత్తదనం గాయనిది.

మాటా బాణీ రెండూ తమవే అయిన స్త్రీలు అసలు లేరా అంటే, లెక్కలేనంత మంది ఉన్నారు. తిరగలి దగ్గర, రోకటి దగ్గర, నాట్లలో, బతుకమ్మ చుట్టూ పాట కట్టినవాళ్లంతా వాళ్లే. వాళ్ల పాటలకు మనం పెట్టిన పేరు జానపదం. వింజమూరి అనసూయ, సీత సోదరీమణులు ఆ పాటలను ఊరూరా సేకరించి రేడియోదాకా తెచ్చారు. అనసూయాదేవి తన మేనమామ కృష్ణశాస్త్రి గీతాలకు బాణీలు కూడా కట్టింది. కానీ వాళ్లు తెచ్చిన పాటలను మొదట కట్టిన స్త్రీల పేర్లు ఎవరికీ దక్కలేదు. మగవాడు ఒక్కడు కడితే వాగ్గేయం, ఆడవాళ్లు పదిమంది కలిసి కడితే జానపదం. మొదటిదానికి జయంతి, విగ్రహం, ఉత్సవం ఉంటాయి. రెండోదానికి సేకరణ ఉంటుంది.

ఈ విషయాలు మళ్లీ మొదటినుంచీ ఆలోచించుకునే పని నాకు పెట్టింది ఒక పోస్టరు.

2022 చివర్లో మా చెల్లెలి కూతురు అమీర్‌పేటలో హాస్టల్లో ఉండేది. సూర్యాపేట దగ్గర పల్లెటూళ్లో తెలుగు మీడియంలో చదివి, ఇంజనీరింగు అయ్యాక మైత్రీవనం సందుల్లో సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరింది. మా ఇల్లు పంజాగుట్టలో. మధ్యలో మెట్రో ఒక్క స్టేషనే. ఆదివారం అన్నానికి వచ్చేది. ఒక వారం తన ఫోనులో పోస్టరు ఒకటి చూపించింది. లోలాపలూజా అనే అమెరికా సంగీతోత్సవం మొట్టమొదటిసారి మన దేశానికి వస్తోంది, 2023 జనవరి 28, 29 తేదీల్లో బొంబాయి మహాలక్ష్మి రేసుకోర్సులో. హాస్టల్లో ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి డబ్బులు కూడబెట్టుకుని టికెట్లు కొన్నారట. "పెద్దమ్మా, గిది సూడు. ఇంల ఆడోళ్లు యాడున్నరో ఏరిపెట్టు. నేను ముందుగాల వాళ్లయి విని పోత" అంది.

సాహిత్యం చదువు చెప్పేవాళ్లకు పోస్టరు కూడా పాఠమే. ఎవరి పేరు పెద్ద అక్షరాల్లో ఉంది, ఎవరి పేరు కిందకు జారింది, అది చదవడం మనకు చేతనైన పని. పైన పెద్ద అక్షరాల్లో ఇమాజిన్ డ్రాగన్స్, ద స్ట్రోక్స్. రెండూ మగవాళ్ల బృందాలు. కళ్లు కిందకి దించుకుంటూ వస్తే జపనీస్ బ్రెక్‌ఫాస్ట్ అని ఒక పేరు. ఏ టిఫిన్ సెంటరో అనుకుంటాం. ఆ పేరు వెనక ఉన్నది మిషెల్ జానర్ అనే స్త్రీ. జపనీయురాలు కాదు. 1989లో సియోల్‌లో కొరియన్ తల్లికి, అమెరికన్ తండ్రికి పుట్టి, ఆరెగాన్ రాష్ట్రంలో యూజీన్ అనే ఊళ్లో పెరిగింది. పాటలు తానే రాస్తుంది, తానే పాడుతుంది, బృందాన్ని తానే నడిపిస్తుంది. అంటే వాగ్గేయకారిణి. నేను పోస్టరు ముందు ఆగింది ఆ మాట దగ్గరే.

తర్వాత రెండు వారాలు పంజాగుట్టకూ అమీర్‌పేటకూ మధ్య ఆమె పాటలు విన్నాను. రైల్లో అయితే ఒక పాట కూడా పూర్తికాదు, అందుకని నడిచాను. నిమ్స్ ముందు అంబులెన్సులు, ఫ్లైఓవరు కింద ఆటోల రొద, అమీర్‌పేటలో కోర్సుల కరపత్రాలు చేతిలో పెట్టే కుర్రాళ్లు, జిరాక్సు సెంటర్లు, ఇడ్లీబండ్లు. తెలుగు సినిమా హైదరాబాదుకు తరలివచ్చిన తొలిరోజుల నాటి సారథీ స్టూడియో ఆ చుట్టుపక్కలే ఉంది. అంత రొదలో చెవి దగ్గర ఒక స్త్రీ ఎవరినీ పిలవకుండా, ఎవరినీ ఒప్పించాలని చూడకుండా పాడుతుంటే మొదట అనుమానంగానే విన్నాను. స్త్రీ గొంతు మెత్తగా ఉండాలని కోరేది ఎవరో మనకు తెలుసు గదా.

ఆమె మొదటి ఆల్బమ్ 'సైకోపాంప్' 2016లో వచ్చింది. చనిపోయినవాళ్ల ఆత్మలను అవతలి ఒడ్డుకు చేర్చే దేవతను గ్రీకులు పిలిచిన పేరు అది. 2014లో తల్లికి క్యాన్సరు అని తెలిశాక జానర్ ఫిలడెల్ఫియాలో తన జీవితం వదులుకుని ఇంటికి వెళ్లింది. ఆ ఏడాది అక్టోబరులో తల్లి పోయింది. అప్పటికి ఈమెకు పాతికేళ్లు. ఆ ఇంట్లో ఉండిపోయిన రోజుల్లో ఈ పాటలు తయారయ్యాయి. ఆల్బమ్ అట్టమీద అమ్మ పాత ఫొటో. మొదటి పాట 'ఇన్ హెవెన్' మనిషి పోయిన ఇంటి గురించి: ఖాళీ గది, దిక్కుతోచని పెంపుడు కుక్క, ఊళ్లోవాళ్లు చెప్పే స్వర్గం మాటలు. మనం ఎరిగిన పద్ధతిలో అయితే ఇక్కడ గొంతు వణకాలి, పల్లవి దగ్గర ఏడుపు రావాలి. ఆమె గొంతు వణకదు. వెనక వాయిద్యాలు వెలుగులా పరుచుకుంటుంటే, చావు తర్వాత ఇంటి పనులు చేసుకునే ఆడమనిషి గొంతులా, పొడిగా, దగ్గరగా ఉంటుంది. శవం లేచిన ఇంట్లో బిందెలు కడిగే స్త్రీలను చూసినవాళ్లకు ఆ గొంతు తెలుస్తుంది. ఆ గొంతులో దుఃఖం తక్కువేమీ కాదు. అవతలివాళ్లు చూసేందుకు మాత్రం దాన్ని పెట్టలేదు.

రెండో ఆల్బమ్ పేరులోనే మెత్తదనం ఉంది: 'సాఫ్ట్ సౌండ్స్ ఫ్రమ్ అనదర్ ప్లానెట్', 2017. మూడోది 2021లో వచ్చిన 'జూబిలీ', రెండు ఆల్బమ్‌ల దుఃఖం తర్వాత సంతోషం గురించి రాయాలని పట్టుబట్టి చేసింది. దానికి 2022 గ్రామీల్లో రెండు నామినేషన్లు వచ్చాయి. బొంబాయికి వచ్చేనాటికి ఆమె చేతిలో ఉన్నది ఆ సంతోషమే. అన్నీ మెత్తని పాటలేనని చెప్పను. 'బీ స్వీట్' లాంటివి కాళ్లను ఊరుకోనివ్వవు. కానీ ఎగిరే పాటలో కూడా ఆమె గొంతు అరుపులోకి వెళ్లకుండా తన ఎత్తులోనే ఉండిపోతుంది. ఈ సంయమనం ఎక్కడిదని వెతుక్కుంటూ ఆమె పుస్తకం దగ్గరకు చేరాను.

2021లోనే ఆమె 'క్రయింగ్ ఇన్ హెచ్ మార్ట్' అని జ్ఞాపకాల పుస్తకం రాసింది. హెచ్ మార్ట్ అంటే అమెరికాలో కొరియా సరుకులు అమ్మే దుకాణాల గొలుసు. అమ్మ పోయాక అక్కడి కూరగాయల మధ్య, ఊరగాయ కుండల మధ్య అమ్మను వెతుక్కోవడమే ఆ పుస్తకం. అందులో అమ్మ దేవత కాదు. కూతురి నడక, తిండి, చర్మం, బట్టలు అన్నిటికీ వంకలు పెట్టే మనిషి. కూతురు పాటలు పాడతానంటే ఆ పిచ్చి ఎప్పుడు వదులుతుందా అని ఎదురుచూసిన మనిషి. దెబ్బలాటలు, మాటలు మానుకోవడాలు, ఒకళ్లనొకళ్లు తోసుకోవడాలు కూడా ఉన్నాయి. మన పాటల్లో అమ్మ లేనిదెక్కడ? కానీ ఆ అమ్మను ఎక్కువగా కొడుకు పిలుస్తాడు, పిలిచి గుడిలో పెడతాడు. అమ్మతో పోట్లాడే కూతురు మన పాటలో ఎక్కడుంది? అప్పగింతల పాటలో కూతురు కనిపిస్తుంది, ఏడవడానికి. కథల్లో మన రచయిత్రులు తల్లీకూతుళ్ల చిక్కుముళ్లను విప్పినంతగా పాటల్లో ఎవరూ విప్పలేదు. పాటల కలం వాళ్ల చేతిలో లేకపోవడమే అందుకు కారణమని నాకు తోస్తుంది.

ఆ పుస్తకంలో ఒక విషయం నన్ను పట్టుకుంది. తల్లి కూతురికి ఒక జాగ్రత్త నేర్పుతుంది. ఎవర్ని ఎంత ప్రేమించినా నిన్ను నువ్వు మొత్తంగా ఇచ్చేయకు, పదో వంతు నీ దగ్గర అట్టేపెట్టుకో, రేపు ఆనుకోవడానికి ఉంటుంది అని. తల్లి ఆ పదో వంతును భర్త దగ్గరే కాదు, కూతురి దగ్గర కూడా దాచుకుందని జానర్‌కు తర్వాత అర్థమవుతుంది. అది చదివినప్పుడు నాకు మా అమ్మ పోపుల డబ్బా గుర్తొచ్చింది. మనలో చాలామందికి గుర్తొచ్చేదే. ఆవాలు, మెంతులు, జీలకర్ర గిన్నెల కింద మడతపెట్టిన నోట్లు. నా డిగ్రీ పరీక్ష ఫీజు కట్టింది ఆ మడతల్లోంచే. పసుపు వాసన వేసే ఆ నోట్లను నాన్న ఎన్నడూ అడగలేదు, అమ్మ ఎన్నడూ చెప్పలేదు. ఇంటి మొత్తం ఆమె చేతిమీదుగా నడిచేది, ఆమెదంటూ ఉన్నది ఆ మడత ఒక్కటే.

జానర్ గొంతులోని మెత్తదనానికి నాకు దొరికిన అర్థం ఇదే. మన సినిమా పాటలో నాయిక గొంతు మెత్తనైతే, అది ఇచ్చేయడానికి మెత్తన. వినేవాడి చెవిలో కరిగిపోవడానికి తయారైన గొంతు. జానర్ మెత్తదనం అట్టేపెట్టుకున్న మెత్తదనం. పదో వంతును పట్టుకుని పాడుతున్నది కాబట్టి గట్టిగా పాడవలసిన పని లేదు. వినబడే ఎత్తు ఒక్కటే కావచ్చు, రెండు గొంతులూ పక్కపక్కన పెడితే తియ్యగానే ఉండొచ్చు. తేడా మాటలు ఎవరివి అన్నదాంట్లో ఉంది. తన మాట తానే రాసుకున్న స్త్రీ ఎక్కడ ఆగాలో తానే నిర్ణయించుకుంటుంది. ఎవరో రాసిచ్చిన మాటలో దాచుకోవడానికి ఆమెదంటూ ఏముంటుంది?

ఈ మాట స్త్రీవాద పత్రికలో చెప్పేటప్పుడు ఒక సందేహానికి జవాబు చెప్పాలి. మన ఉద్యమం గొంతెత్తడం నేర్పింది గదా, ఇప్పుడు మెల్లగా పాడితే చాలంటున్నానా? తెలుగులో స్త్రీవాద కవిత్వం మొదటి సంకలనం 1990లో వచ్చింది, దాని పేరు 'గురిచూసి పాడే పాట'. 1993లో ఓల్గా సంపాదకత్వంలో 'నీలిమేఘాలు' వచ్చింది. ఆ కవితలు సభల్లో చదువుతుంటే ముందు వరసలో పెద్దలు కుర్చీల్లో అసౌకర్యంగా కదలడం నేను చూశాను. ఆనాడు ఆ ఎత్తు లేకపోతే ఎవరికీ వినబడేది కాదు. కానీ పేరును మళ్లీ చూడండి. పాట అని పేరు పెట్టుకున్నాం, లోపల ఉన్నవి వచన కవితలు. చదవడానికి రాసుకున్నాం, పాడుకోవడానికి కాదు. కలం మన చేతికి వచ్చింది, కథ వచ్చింది, నవల వచ్చింది, విమర్శ వచ్చింది. పాట మాత్రం రేడియోలో, సినిమాలో, ఆపైన టీవీ పోటీల్లో వాళ్లు రాసింది మనం పాడేదిగానే ఉండిపోయింది. గురిచూడటం నేర్చుకున్నాం. పాట ఇంకా బాకీ ఉంది.

వినే పరికరం మారడం కూడా లెక్కలోకి తీసుకోవాలి. అమీర్‌పేట హాస్టలు గదిలో నలుగురు. రాత్రి తొమ్మిదికి గేటు వేస్తారు. అల్మారాకు తాళం ఉంటుంది గాని గదికి లోపలి గొళ్లెం పెట్టుకునే వీలు లేదు. వర్జీనియా ఉల్ఫ్ అడిగిన సొంత గది ఆ పిల్లలకు చెవుల్లో ఉంది. ఇయర్‌ఫోన్సు పెట్టుకున్నాక నాలుగడుగుల మంచం గది అవుతుంది. ఆ గదిలోకి అరిచే గొంతు పట్టదు. పక్కన కూర్చుని మాట్లాడే గొంతే పడుతుంది. బల్కంపేట ఎల్లమ్మ గుడి అక్కడికి నడక దూరం. ఎల్లమ్మ కల్యాణం రోజున బోనాలెత్తిన ఆడవాళ్ల గొంతులు వీధులు దాటి వినిపిస్తాయి. ఆ గొంతూ కావాలి, ఈ గొంతూ కావాలి. పదిమందిలో తెరుచుకునే గొంతుకు అమ్మవారి పూనకమో, ఊరేగింపో, సభో తోడు ఉంటుంది. ఒక్కతే ఉన్నప్పుడు తెరుచుకునే గొంతుకు ఆ తోడు లేదు. దాన్ని గమనించే విమర్శ కూడా మన దగ్గర పెద్దగా లేదు.

అయితే ఈ మెత్తదనాన్ని మార్కెట్టు బాగానే గమనించింది. పాటలు వినిపించే యాప్‌లలో కాఫీ తాగేటప్పుడు, చదువుకునేటప్పుడు, నిద్రపోయేటప్పుడు అని వరసలు కట్టి పెడతారు. అందులో మెత్తని ఆడగొంతులు వరసగా వస్తుంటాయి. పంజాగుట్టలో ఏసీ కాఫీషాపులోకి వెళ్తే అవే గొంతులు కుర్చీల్లా, దీపాల్లా గదికి సర్దిపెట్టి ఉంటాయి. తల్లి చావు మీద రాసిన పాట కూడా అక్కడ కప్పు సాసర్ల చప్పుడులో వెనక మోగుతుంది. మాట వినకుండా మెత్తదనం ఒక్కటే తీసుకోవడం పాత పనే, దుకాణం కొత్తది. 2025లో వచ్చిన నాలుగో ఆల్బమ్‌కు జానర్ 'ఫర్ మెలాంకలీ బ్రూనెట్స్ అండ్ శాడ్ విమెన్' అని పేరు పెట్టింది. దిగులుపడే స్త్రీలు అనే సరుకును అమ్మేవాళ్ల మొహం మీదే ఆ పేరు పెట్టినట్టు నాకనిపించింది. అందులో పరాయి స్త్రీల వెంట తిరిగే మొగుళ్ల గురించి, లోకం మీద కక్షతో ఉన్న కుర్రాళ్ల గురించి పాటలున్నాయి. గొంతు మాత్రం ఎప్పటిలాగే కిందనే ఉంది. మాటలు వింటేనే అందులో ఎంత కోపముందో తెలుస్తుంది.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. ఇంగ్లీషు పాట, వేల రూపాయల టికెట్టు, బొంబాయి రేసుకోర్సు. ఇది ఎవరి స్త్రీవాదం? మా పిల్ల ఆ టికెట్టు కోసం నెలల తరబడి రాత్రి భోజనం మెస్సులో తప్ప బయట చేయలేదు. దళిత స్త్రీల పాటను గొంతు నొక్కి జానపదం గదిలో పెట్టిన చరిత్ర మనది. అక్కడ మెత్తగా పాడండి అనడం ఇంకో అణచివేత అవుతుంది. అందుకే మెత్తదనాన్ని ఆదర్శంగా నేను చెప్పడం లేదు. ఏ ఎత్తులో పాడాలో పాడే స్త్రీ నిర్ణయించుకోవాలి, ఆ పాట కింద ఆమె పేరు ఉండాలి. చెప్పదలచింది అంతే.

పశ్చిమ దేశాల్లో కూడా ఈ హక్కు ఊరికే రాలేదు. 1990లలో రేడియో స్టేషన్లు వెంటవెంటనే ఇద్దరు గాయనుల పాటలు వెయ్యమనేవి, జనం స్టేషను మార్చేస్తారని. కచేరీలు ఏర్పాటు చేసేవాళ్లదీ అదే మాట. కెనడా గాయని సారా మెక్‌లాక్లన్ 1997లో అందరూ స్త్రీలే ఉండే లిలిత్ ఫెయిర్ అనే సంగీతోత్సవం మొదలుపెట్టింది. ఆదాముకు లొంగనన్న మొదటి భార్యగా యూదుల కథల్లో ఉన్న స్త్రీ పేరు అది. మూడు వేసవులు, 1999దాకా ఊరూరా తిరిగారు. కోటి డాలర్లకు పైగా స్త్రీల సంస్థలకూ ఇతర సేవలకూ ఇచ్చారు. అందులోనూ మొదటి ఏడాది తెల్లవాళ్ల పేర్లే ఎక్కువ ఉన్నాయన్న విమర్శ వచ్చింది, తర్వాత వేదిక కొంత మారింది. 2010లో మళ్లీ మొదలుపెడితే చాలా కచేరీలు రద్దయ్యాయి. వేదిక ఒకసారి దొరికితే ఎప్పటికీ మనదే అనుకోవడానికి లేదని ఆ చరిత్ర చెబుతుంది. 2023 బొంబాయి పోస్టరులో కూడా పై వరస ఎవరిదో చూశాం గదా.

మా పిల్ల బొంబాయి వెళ్లి వచ్చింది. ఏమనిపించిందని అడిగితే జనం, దుమ్ము, కాళ్ల నొప్పులు చెప్పింది. తర్వాత చాలాసేపటికి, "ఆమె వాళ్లమ్మ గురించి పాడుతది గద పెద్దమ్మా, నాకు ఇంగ్లీషు సగమే సమజయితది. గని ఆమె ఎవరినీ బతిమాలుతలేదని సమజయింది" అంది. ఇంత విమర్శ రాసి నేను చేరిన చోటుకు ఆ పిల్ల ఒక్క వాక్యంలో చేరింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు తన ఫోనులో రికార్డు చేసుకున్నవి వినిపించింది. హాస్టలు డాబా మీద నీళ్లట్యాంకు పక్కన, కింద గదుల్లోవాళ్లు లేవకుండా మెల్లగా పాడుకున్నవి. మాటలు తనవే, వరసలు తనవే. పత్తి ఏరే తల్లి వేళ్ల గురించి ఒకటి. కోర్సు అయిపోయి ఉద్యోగం రాని ఎనిమిది నెలల గురించి ఒకటి. మా అమ్మకు కూడా ఒక నోటుపుస్తకం ఉండేది. పేరంటాల్లో పాడే మంగళహారతులు తనే రాసుకుని, పైన ఫలానా సినిమా పాట వరస అని గుర్తు పెట్టుకునేది. మాట సొంతం, వరస అప్పు. ఆ తరంలో చాలామంది స్త్రీలు అలా సగం దూరం నడిచారు. మనవరాలు మిగతా సగం కూడా నడిచేసింది, ఎవరికీ తెలియకుండా, ఒక ట్యాంకు పక్కన.

ఎవరికైనా పంపు అంటే నవ్వుతుంది. ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. వచ్చినవాళ్లు పాట వచ్చా అని అడుగుతారు, నువ్వే కట్టావా అని అడగరు. ఆ ఫోను ఆమె పోపుల డబ్బా. తీయడమా మానడమా ఆమె ఇష్టం, ఎందుకు దాచావని అడిగే హక్కు నాకు లేదు. కానీ దాచుకున్నది దాచుకున్నట్టే ఎన్ని తరాలు పోయిందో మనకు తెలుసు. జానపదం అని పేరు పెట్టి కుప్పపోసింది దాన్నే. ఇకముందు అలా జరగకుండా చూడటానికి విమర్శకులుగా మన చేతిలో ఉన్నవి చిన్న పనులే. పాట గురించి రాసేటప్పుడు గొంతును పొగిడి ఊరుకోకుండా మాట ఎవరిదని అడగాలి. మన ఇళ్లలోని ఆ నోటుపుస్తకాలను రాసినవాళ్ల పేర్లతో సహా అచ్చువేయాలి. వాగ్గేయకారిణి అన్న మాటను తరగతిలో, సభలో, పత్రికలో తడుముకోకుండా వాడాలి. ఆ పిల్ల ఎప్పుడైనా ఒక పాట బయటికి తీస్తే, ఆమెను ఏమని పిలవాలో అప్పటికి మనకు తెలిసి ఉండాలి.